చివరి బెంచీ లేని కాలేజీ

పోర్ట్ బ్లెయిర్ హడ్డో జెట్టీలో ఓడ మెట్ల దగ్గర నా చేతికి పెట్టె అందిస్తూ మా నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు: "అక్కడ నిన్నెవులూ ఎరగరు. నువ్వే ఎరికవ్వాల."

ఫీనిక్స్ బే డాక్‌యార్డులో వెల్డింగు పని చేసే మనిషి ఆయన. ఇరవయ్యేళ్ళ వయసులో టెక్కలి పక్క పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, డెలానీపూర్‌లో రేకుల ఇల్లు వేసుకున్నాడు. మాట తక్కువ. ఆ రోజు అన్న ఆ నాలుగు ముక్కల విలువ నాకు తెలియలేదు. తెలియకపోగా మొదటి ఏడాదంతా దానికి సరిగ్గా ఎదురు నడిచాను. ఎవరి కంటా పడకుండా ఉండాలని చూశాను. అది కూడా ఎక్కడ? మొత్తం కలిపితే మూడు వందల మంది లేని ఓ చిన్న క్రైస్తవ కళాశాలలో.

ఈ అధ్యాయం డెలానీపూర్, షాదీపూర్, హడ్డో, జంగ్లీఘాట్ ఇళ్ళలోంచి పెద్ద భూమికి చదువుకోవడానికి బయల్దేరే పిల్లల కోసం రాస్తున్నాను. 2011 లెక్కల్లో మన అండమాన్ నికోబార్ ద్వీపాల జనాభా 3 లక్షల 80 వేల పైచిలుకు. అందులో వందకి 13 మంది తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నారు. 1967లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం మన ఊళ్ళోనే ఉంది, మంచి కాలేజీ. అక్కడ సీటు వచ్చి, కావలసిన సబ్జెక్టు దొరికితే హాయిగా ఇంట్లో ఉండి చదువుకో. కానీ చాలామందికి శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మమ్మ ఊరో, మేనమామ ఇల్లో ఉంటుంది. "అక్కడ మిషను కాలేజీ ఉంది, క్రమశిక్షణ ఉంటుంది, ఫీజు తక్కువ" అని ఎవరో చెబుతారు. అలా వెళ్తారు. నేనూ అలాగే వెళ్ళాను.

చిన్న కాలేజీ అంటే ఎలా ఉంటుందో ముందు కళ్ళకు కట్టేలా చెబుతాను. ప్రిన్సిపాల్ గది కిటికీలోంచి గేటు కనబడుతుంది. క్లాసులో ముప్ఫై మంది, నాలుగు వరసల బెంచీలు. నాలుగో వరసలో కూర్చున్నా బోర్డు మీంచి రాలే సుద్దపొడి కనిపిస్తుంది. నీకు సుద్దపొడి కనిపిస్తోందంటే లెక్చరర్‌కి నీ కళ్ళలో నిద్ర కనిపిస్తోందనే. రెండు వేల మంది చదివే చోట చివరి బెంచీ అంటూ ఒకటి ఉంటుంది, అక్కడ మూడేళ్ళు కూర్చుని ఎవరికీ పేరు తెలియకుండా బయటికి రావచ్చు. చిన్న కాలేజీలో ఆ బెంచీ లేదు. రెండో వారానికల్లా వాచ్‌మన్‌కి నీ నడక తెలుస్తుంది, మెస్సులో వడ్డించే ఆవిడకి నువ్వు చారు పోసుకోవని తెలుస్తుంది. ఇది కొందరికి ఉక్కపోతగా ఉంటుంది. నాకూ ఉండేది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ కాలేజీ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే అనిపిస్తుంది. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినులు మూడే ఉండేవి, లైబ్రరీలో పుస్తకాలు పాతవి, ఆటస్థలం సగం ముళ్ళకంప. కానీ నన్ను ఎరిగిన మనుషులు ఉండేవాళ్ళు.

కంటబడక తప్పదు. ఎలా కంటబడాలో మాత్రం నీ చేతిలో ఉంది. ఈ అధ్యాయంలో మిగతాదంతా దాని గురించే.

మొదట భాష సంగతి, ఎందుకంటే మన పిల్లలు ముడుచుకుపోయేది అక్కడే. మనది ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతాం, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాం. పైగా మనం మాట్లాడేది అమ్మానాన్నలు తీసుకొచ్చిన ఉత్తరాంధ్ర తెలుగు. మొదటి రోజు క్లాసులో "ఏటి సేస్తన్నారు" అని నేను నోరు తెరిచాను. ఇద్దరు నవ్వారు. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు, తర్వాత నా ప్రాణస్నేహితులయ్యారు కూడా. కానీ ఆ నవ్వుతో నేను నోరు మూసుకుంది మూసుకున్నట్టే ఉండిపోయాను. పిలిస్తే తల ఊపడం, లేకపోతే ఇంగ్లీషులో ఒక్క ముక్క. అలా నాలుగు నెలలు.

నా నోరు తెరిపించింది చాపెల్. మా కాలేజీలో వారంలో మూడు రోజులు పొద్దున్న తొమ్మిదింటికి ప్రార్థన ఉండేది. మాది పైడితల్లికి మొక్కే ఇల్లు, క్రైస్తవ కీర్తనలు నాకు కొత్త. పక్కనున్న సీనియర్ అక్క తన పాటల పుస్తకం మా ఇద్దరి మధ్యా పట్టుకునేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అట్ట ఊడిపోయి, మైదాపిండి జిగురుతో అతికించిన బట్ట అంచు. ప్రతి పాట మీదా రాగం పేరు, తాళం పేరు చిన్న అక్షరాల్లో. ఆ అక్క పాడుతూ చూపుడు వేలు పదాల కింద జరుపుతూ ఉండేది, అది ఆవిడ అలవాటు. నేను ఆ వేలినే చూశాను. పాట నెమ్మదిగా సాగుతుంది. ఒక అక్షరాన్ని ఎంతోసేపు పట్టుకుని లాగుతారు. ఆ లాగినంతసేపూ ఆ అక్షరం నా కళ్ళ ముందు ఉండేది. ఒత్తులు ఎక్కడున్నాయో, సున్నా ఎక్కడుందో చూసే తీరిక దొరికేది. పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త తేలిగ్గా చదవగలిగేదాన్ని. సంక్రాంతి నాటికి నేను తెలుగు చదవడం మొదలుపెట్టాను. ఏ టీచరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

అందులో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి వైపు పుట్టినవాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా తాతల ఊరికి అవతలి గట్టు. బెంగాలీ మూలాలున్న కుటుంబం, తెలుగులో కీర్తనలు. డెలానీపూర్ వీధిలో తెలుగు, బెంగాలీ, తమిళం ఒకే కుళాయి దగ్గర విని పెరిగినదాన్ని కదా, ఆ సంగతి వినగానే సొంత మనిషి సంగతి విన్నట్టే అనిపించింది.

కాబట్టి తెలుగు చదవడం రాని పిల్లలకి నా సలహా ఇది. పెద్ద బాలశిక్షతో మొదలుపెట్టకు, విసుగొస్తుంది. నీకు నోటికొచ్చిన పాట ఏదైనా తీసుకో. సినిమా పాటైనా, భజనైనా, కీర్తనైనా సరే. దాన్ని అచ్చులో సంపాదించి, పాడుతూ వేలు జరుపు. మాట నీకు ముందే తెలుసు కాబట్టి అక్షరం దానంతటదే అతుక్కుంటుంది. రోజుకి ఒక్క పాట చాలు. నెల తర్వాత వారానికి ఒక ఉత్తరం తెలుగులో ఇంటికి రాయి. తప్పులుంటాయి, ఉండనీ. నా మొదటి ఉత్తరంలో మా అమ్మ పేరే తప్పు రాశాను. ఆవిడకి చదువు రాదు, నాన్న చదివి వినిపించాడు, ఆ కాగితం మా ఇంట్లో దేవుడి పటం వెనక ఇప్పటికీ ఉంది.

యాస మాత్రం మార్చుకోకు. పరీక్షలో రాసే తెలుగు వేరు, అది నేర్చుకో. నోట్లోది నీ ఇంటిది. క్రైస్తవ కళాశాలల్లో తెలుగు చదువు తక్కువ రకం అని ఎవరైనా అంటే నమ్మకు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు పాఠం చెప్పినవారిలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు.

క్రైస్తవ కళాశాలల మాట ఎత్తాను కాబట్టి బందరు (మచిలీపట్నం) నోబుల్ కాలేజీ కథ కొంచెం చెప్పాలి. చిన్న కాలేజీకి వెళ్తున్నానని చిన్నబుచ్చుకునే పిల్లలందరికీ నేను చెప్పే కథ ఇది. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1841లో బందరు వచ్చాడు. 1843 నవంబరులో బడి తెరిచాడు. చేరిన పిల్లలు ఇద్దరు. ఇద్దరే. అప్పట్లో ఆ తలుపులు అన్ని కులాలకీ తెరుచుకోలేదు, అది మరిచిపోకూడని సంగతి, ఇవాళ నీకూ నాకూ తెరిచి ఉన్నాయంటే వెనక చాలామంది పోరాటం ఉంది. ఆ ఇద్దరి బడి పెరిగి కాలేజీ అయింది. 1890లలో అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు పాఠం చెప్పారు. ఆయన బ్రహ్మసమాజం మనిషి, పనిచేసింది క్రైస్తవ కళాశాలలో. ఆయన దగ్గర చదివిన కుర్రాళ్ళలో ముగ్గురు స్నేహితులు: కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆ ముగ్గురూ తర్వాత అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టడానికి పూనుకున్నారు, 1910 నాటికి అది మొదలైంది. ముట్నూరివారు కృష్ణాపత్రికను దశాబ్దాలపాటు నడిపారు. పట్టాభిగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు.

ఒక చిన్న ఊరు, ఒక కాలేజీ, ఒక గురువు, ముగ్గురు స్నేహితులు. ఆ గురువుకి వాళ్ళు ముఖాలు, పేర్లు తెలిసిన పిల్లలు. అది లేకపోతే మిగతాది జరిగేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. జరిగేది కాదనే నా నమ్మకం.

మన ద్వీపాల్లోనే ఇంకో కథ ఉంది. కార్ నికోబార్‌లోని ముస్ గ్రామంలో వేదప్పన్ సాల్మన్ అనే తమిళ ఉపదేశకుడు బడి నడిపేవాడు. ఒక నికోబారీ కుర్రాణ్ణి చూసి, వీడు చదువుకోగలడని గుర్తించి, బర్మాలోని మాండలే మిషను బడికి పంపించాడు. ఆ పిల్లవాడు తిరిగొచ్చి అదే ద్వీపంలో పంతులయ్యాడు, బైబిలు కొత్త నిబంధనను నికోబారీ భాషలోకి తెచ్చాడు, బిషప్ అయ్యాడు, 1952లో తొలి లోక్‌సభకు మన ద్వీపాల తరఫున నామినేట్ అయ్యాడు. జాన్ రిచర్డ్‌సన్. ఆయన చదువుకోసం ఓడెక్కినప్పుడు మనకున్నంత ధైర్యం కూడా ఉండి ఉండదు. వెనక ఎరిగిన పంతులు ఒకడు ఉన్నాడు, అంతే.

మరి పంతులుకి ఎరికవ్వడం ఎలా? ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియలేదు. పొగడ్తతో అవదు, పండక్కి గ్రీటింగు కార్డు ఇస్తే అవదు. వారానికి ఒక ప్రశ్నతో అవుతుంది. ఆదివారం రాత్రి నోట్సు తిరగేస్తూ, ఎక్కడి దాకా అర్థమైంది, ఎక్కడ ఆగిపోయావు, ఆ చోటు కాగితం మీద రాసుకో. సోమవారమో మంగళవారమో క్లాసు అయ్యాక లెక్చరర్ నడుస్తుంటే వెంట నడుస్తూ అడుగు. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే ఆయన చేయగలిగింది ఏమీ లేదు. "ఇక్కడి దాకా వచ్చింది సార్, ఈ మెట్టు ఎందుకో తెలియలేదు" అంటే ఆయన నిలబడిపోతాడు. నేను చూశాను. అలా నాలుగు వారాలు అడిగితే, ఐదో వారం నువ్వు అడగకపోతే ఆయనే అడుగుతాడు.

పొద్దున్న సమయం గురించి ఒక మాట. ఇది మన ద్వీపం పిల్లలకే చెప్పగలిగిన మాట, మరే పుస్తకంలోనూ నేను చదవలేదు. గడియారం దేశమంతా ఒకటే, సూర్యుడు ఒకటి కాడు. మన ఊరు బందరుకి తూర్పుగా పదకొండున్నర డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే ముప్పావు గంట. డిసెంబరులో డెలానీపూర్‌లో సాయంత్రం ఐదు దాటితే చీకటి, కోస్తాలో అప్పటికింకా పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. అందుకే వెళ్ళిన కొత్తల్లో నీకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. హాస్టలంతా నిద్రలో ఉంటుంది, నువ్వు పైకప్పు చూస్తూ ఇంటి మీద బెంగ పెట్టుకుంటావు. ఆ పని చెయ్యకు. లేచి దీపం కింద కూర్చో. అది నీ ఊరి సూర్యుడు నీకు వెంట కట్టి పంపిన ముప్పావు గంట. నేను మొదటి రెండు వారాలు దాన్ని బెంగకి ఖర్చు పెట్టాను, మూడో వారానికి కోస్తా సూర్యుడికి అలవాటు పడి ఆ మెలకువ పోయింది. నీకు మెలకువ వస్తున్నప్పుడే దాన్ని అలవాటుగా బిగించు. మూడేళ్ళలో ఎన్ని గంటలవుతాయో నువ్వే లెక్క వేసుకో.

చాపెల్ విషయంలో ఇళ్ళల్లో భయం ఉంటుంది. "మతం మారుస్తారా?" అని మా పెద్దత్త అడిగింది. మా నాన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఇప్పుడుంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ఏం చెబుతుందంటే, ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ సహాయం ఉన్న విద్యాసంస్థలో చదివే ఎవరినైనా వాళ్ళ సమ్మతి లేకుండా మతబోధలో పాల్గొనమని, ప్రార్థనకి రమ్మని నిర్బంధించకూడదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కాబట్టి వెళ్ళడం ఇష్టం లేకపోతే గొడవ పడనక్కర్లేదు, దొంగచాటుగా మానెయ్యనక్కర్లేదు. మర్యాదగా ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వు. ఆ సమయంలో లైబ్రరీలో కూర్చోనిమ్మని అడుగు.

నేను వెళ్ళేదాన్ని. మూడేళ్ళూ వెళ్ళాను. నా మొక్కులు నాకున్నాయి, అవి ఎక్కడికీ పోలేదు. రోజు మొదట్లో ఇరవై నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవడం, వందమందితో కలిసి గొంతు కలపడం నాకు మేలు చేసింది. క్రైస్తవ కుటుంబం నుంచి వెళ్ళే పిల్లలకి ఇంకో మాట: అక్కడ చర్చి మీ ఊరి చర్చిలా ఉండకపోవచ్చు. లూథరన్లు ఒకలా ఆరాధిస్తారు, బాప్టిస్టులు ఒకలా, కేథలిక్కులు ఇంకోలా. తేడాలకి బెదిరిపోకు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మొదటి ఏడాది క్రిస్మస్ సెలవులకి ఇంటికి వచ్చాను. తిరుగు ప్రయాణం విశాఖ ఓడ మీద. మన ఓడల సంగతి నీకు తెలుసు. విశాఖ వైపు నెలకి ఒకటో రెండో, చెన్నై, కోల్‌కతాలకి ఇంకొన్ని. పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం, దాదాపు మూడు రోజులు. ఓడ రిపేరుకి వెళ్ళిందని ఒక తేదీ, గాలివాన ఉందని ఇంకో తేదీ. నేను కాలేజీకి చేరేసరికి పదకొండు రోజులు ఆలస్యం. ఒక ఇంటర్నల్ పరీక్ష అయిపోయింది. హాజరు 71 శాతానికి పడిపోయింది. 75 ఉండాలి. నోటీసు బోర్డు మీద ఎర్ర సిరాతో నా పేరు.

వరండాలో ఆ బోర్డు ముందు నిలబడి ఉన్నాను. చేతిలో పెట్టె, దాన్లో మా అమ్మ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ళ డబ్బా. మా వైస్ ప్రిన్సిపాల్ అటుగా వచ్చి ఆగారు. ఎందుకు ఆలస్యమైందని అడిగారు. ఓడ రాలేదని చెప్పాను.

"ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరికి చెప్పాలో తెలియలేదు సార్."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. "మూడు వందల మంది లేరు ఇక్కడ. వాచ్‌మన్‌కి చెప్పినా నాకు చెప్పేవాడు."

అంతే అన్నారు. ఆ రోజు జెట్టీ దగ్గర మా నాన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. నా ఊరు ఎక్కడుందో, అక్కడి నుంచి రావడానికి ఏం పడుతుందో ఆ కాలేజీలో ఒక్క మనిషికి కూడా నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఎర్ర సిరా ఉండేది కాదు. ఫైన్ కట్టి, హామీపత్రం రాసి, పరీక్షకి కూర్చున్నాను. ఆ ఫైన్ మా నాన్న ఓవర్‌టైం డబ్బు.

నువ్వు ఆ తప్పు చెయ్యకుండా ఉండటానికి ఏం చెయ్యాలో వివరంగా చెబుతాను. సెలవులకి బయల్దేరే ముందే ఒక ఉత్తరం రాయి, ప్రిన్సిపాల్ పేరు మీద, క్లాసు టీచర్ ద్వారా. నీ ఊరి నుంచి నువ్వు వచ్చేది ఓడ మీదేనని, తేదీలు మారవచ్చని అందులో చెప్పు. ఉత్తరం కాపీ మీద ఆఫీసులో అందినట్టు సంతకం చేయించుకో. తిరుగు ఓడ తేదీ మారిన రోజే ఫోను చెయ్యి, ఫోనులో మాట్లాడినవారి పేరు రాసిపెట్టుకో. ఓడ టిక్కెట్టు పారెయ్యకు, రద్దయిన టిక్కెట్టు కూడా. చేరగానే వాటి జిరాక్సు కాపీలు జతచేసి ఇంకో ఉత్తరం ఇవ్వు. చాలా విశ్వవిద్యాలయాల్లో హాజరు 75 కంటే కొంచెం తగ్గితే, సరైన కారణం చూపిస్తే, రుసుము కట్టించుకుని మన్నించే పద్ధతి ఉంది. కారణం చూపించాల్సింది నువ్వు. నీ ఐలాండర్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకో, ఓడలో మనకి తక్కువ ఛార్జీ దాని మీదే. 2024 సెప్టెంబరు నుంచి పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. పాత సర్టిఫికేట్లలో పాత పేరు, కొత్త కాగితాల్లో కొత్త పేరు ఉంటాయి. కాలేజీ ఆఫీసులో గుమాస్తా తికమకపడొచ్చు. రెండూ ఒకే ఊరని మొదటి రోజే ఓపికగా చెప్పు.

ర్యాగింగు గురించి క్లుప్తంగా. చిన్న కాలేజీల్లో తక్కువే, లేదని మాత్రం అనను. 2009లో యూజీసీ నియమాలు వచ్చాక ప్రతి కాలేజీలో దీనికి కమిటీ ఉండాలి, చేరేటప్పుడు నీ చేత, మీ అమ్మానాన్నల చేత ప్రమాణపత్రం తీసుకుంటారు. 1800-180-5522 రాత్రీ పగలూ పనిచేసే నంబరు, డబ్బు పడదు. ఫోనులో ఇప్పుడే రాసి పెట్టుకో. ఆడపిల్లలు హాస్టలు వార్డెన్‌తో మొదటి వారమే మాట కలపండి. గేటు వేళలు గట్టిగా ఉంటాయి, ఉండనివ్వండి. ఆ వేళలు పెట్టిన మనిషే జ్వరం వస్తే రాత్రి రెండింటికి ఆటో పిలుస్తుంది.

తిండి సంగతి ఏముంది, కారం ఎక్కువ, చేప తక్కువ, అలవాటవుతుంది. కానీ ఆ నెత్తళ్ళ డబ్బా సంగతి చెప్పాలి. మొదటి ఏడాది దాన్ని మంచం కింద దాచాను. వాసన వస్తుందని, గదిలో పిల్లలు ఏమనుకుంటారోనని. రెండు వారాలకి వాసన అదే చెప్పేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. మా గదిలో పర్చూరు పిల్ల ఒకతి ఉండేది. ఆ పిల్ల డబ్బా తీసుకుని మెస్సులోకి వెళ్ళి, వంటావిడని బతిమాలి, టమాటా వేసి వేయించుకొచ్చింది. ఆ రాత్రి మా గదిలో పద్నాలుగు మంది అన్నం తిన్నారు. ఆ తర్వాత ఓడ వచ్చినప్పుడల్లా నా పెట్టె కోసం హాస్టలంతా ఎదురుచూసేది. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో దాన్ని మంచం కింద దాచకు.

డిసెంబరు మొదట్లో సెమీ క్రిస్మస్ అని చేస్తారు. కాలేజీ మూతపడక ముందే చేసుకునే పండగ. నక్షత్రాలు కట్టడం, నాటకం, పాటలు. నువ్వు ఏ మతమైనా సరే, అందులో ఏదో ఒక పని మీద వేసుకో. వెదురు చీల్చి నక్షత్రం కట్టడం డెలానీపూర్‌లో ఎవరికి రాదు? నాకు వచ్చు, చేశాను. నాలుగు అడుగుల నక్షత్రం, గేటు మీద. అప్పటి నుంచి నేను "ఆ నక్షత్రం పిల్ల". నా పేరుతో పిలవకపోయినా ఆ పిలుపు నాకు నచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివిన కుర్రాళ్ళలో ఎన్టీ రామారావు, జగ్గయ్య ఉన్నారు. ఇద్దరూ కాలేజీ రోజుల్లోనే నాటకాలు వేశారు. నీలో ఏముందో కాలేజీకి తెలియాలంటే ఒక రోజు నువ్వు స్టేజీ మీదో, స్టేజీ వెనక మేకులు కొడుతూనో ఉండాలి.

2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున్న సునామీ వచ్చినప్పుడు నేను చదువు ముగించి చాలా ఏళ్ళయింది. పోర్ట్ బ్లెయిర్‌కి రెండు రోజులు ఫోను తగల్లేదు. మూడో రోజు మొదట తగిలిన ఫోను నాకే వచ్చింది, మా పాత వైస్ ప్రిన్సిపాల్ నుంచి. రిటైరై వెళ్ళిపోయిన మనిషి. నా నంబరు ఎక్కడెక్కడో వెతికి పట్టుకున్నారు. "డెలానీపూర్ ఎత్తు మీద ఉంటుందన్నావు కదమ్మా, అమ్మానాన్నలు క్షేమమేనా?" అని అడిగారు. ఆ ఒక్క ఫోను కోసమైనా మొదటి ఏడాది అంతా దాక్కుని వృథా చేసినందుకు నేను ఇప్పటికీ బాధపడతాను.

ఇంకో రెండు వారాల్లో నీ ఓడ. పెట్టె సర్దుకుంటున్నావు. చేరిన మొదటి శుక్రవారం లోపల ఒక పని చెయ్యి. క్లాసుగదిలో గోడకి భారతదేశ పటం ఉంటుంది. అందులో మన ద్వీపాలు కుడివైపు సముద్రంలోనో, ఒక మూల చిన్న గడిలోనో ఉంటాయి. నీకు నచ్చిన లెక్చరర్ ఎవరినైనా దాని దగ్గరికి పిలిచి, వేలు పెట్టి చూపించు. "సార్, మా ఇల్లు ఇక్కడ" అని చెప్పు.